బూరెల నూనె

మామగారి రెండో సంవత్సరీకం అయిన మర్నాడు ప్రసూన వంటిల్లు సర్దుకుంటుంటే పెద్ద మూకుడు నిండా నూనె మిగిలిపోయి కనిపించింది.

ముందురోజు ముప్ఫైమందికి పైగా వచ్చారు. భిలాయి రిసాలిలో వాళ్ళ క్వార్టర్ల వరసలోని తెలుగువాళ్ళు, క్యాంప్ 2 నుంచి ప్రసూన పుట్టింటివాళ్ళు, మామగారితో స్టీలు ప్లాంటు కోక్ ఒవెన్స్‌లో పనిచేసి రిటైరైన ముసలివాళ్ళు. అందరికీ గారెలూ బూరెలూ కడుపునిండా పెట్టాలని అత్తగారు గున్నమ్మ పట్టుబట్టింది. పామాయిల్లో సగానికి సగం వనస్పతి కలిపితే బూరె పైపొర కరకరలాడుతుందని, దగ్గర కూర్చుని మరీ కలిపించింది. తీరా అంతా అయ్యాక చూస్తే నాలుగు లీటర్ల దాకా మిగిలింది. విడిపోయిన పూర్ణం, పిండి తునకలు మాడి అడుగున నల్లగా పేరుకున్నాయి.

"వడగట్టి డబ్బాలో పొయ్యే. కూరల్లోకి పనికొస్తాది," అంది గున్నమ్మ.

"వద్దత్తా. మీ అబ్బాయికి కొలెస్ట్రాల్ ఉందన్నారు కదా. ఇది ఇప్పటికే పొద్దుణ్ణుంచీ సాయంత్రం దాకా కాగింది."

"మీ మావకి నలభై ఏళ్ళు ఇలాటి నూనితోనే ఒండిపెట్టినాను."

మామగారు పోయింది గుండెనొప్పితోనని ఇద్దరికీ తెలుసు. ప్రసూన ఆ మాట పైకి అనకుండా మూకుడు మీద మూత పెట్టింది. కాసేపటికి గున్నమ్మే గోడ పట్టుకుని లేస్తూ, "సరే, నీ ఇష్టం," అంది.

మర్నాడు పొద్దున్న చెత్త ఎత్తే కచ్రా గాడీ పాట పెట్టుకుని వీధిలోకి రాగానే ప్రసూన ఒక డబ్బాలో లీటరు నూనె పోసుకుని కిందికి దిగింది. బండితో వచ్చే స్వచ్ఛతా దీదీ మూత తీసి చూసి చెయ్యి అడ్డంగా ఊపింది.

"తేల్ నహీ చలేగా దీదీ. గాడీ మే గిరేగా, సబ్ చిప్‌చిపా హో జాయేగా."

నూనె ఒలికితే చెత్త వేరుచేసే వాళ్ళ చేతులన్నీ జిడ్డవుతాయని ఆవిడ బాధ. నిజమేననిపించి ప్రసూన డబ్బా వెనక్కి తెచ్చుకుంది. తెచ్చుకుని, ఎలాగైనా వదిలించుకోవాలన్న విసుగులో, వంటింటి సింకులో పోసేసింది. వెనకాలే గిన్నెడు వేడినీళ్ళు కూడా పోసింది, జారిపోతుందిలే అని.

అది డిసెంబరు. ఆ వారం చలి బాగా పట్టింది. పొద్దున్న లేచి చూస్తే మూకుడులో మిగిలిన నూనె గడ్డకట్టి తెల్లటి మైనంలా ఉండేది. గొట్టంలోకి పోయిన నూనెకీ అదే గతి పడుతుందని ప్రసూనకి తట్టలేదు. మూడో రోజుకి సింకులో నీళ్ళు దిగడం మానేశాయి. నాలుగో రోజున కింది క్వార్టర్లో ఉండే నరసింగరావుగారు మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చారు. ఆయన ప్లాంటులో నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. గట్టిగా మాట్లాడ్డం ఎవరూ వినలేదు.

"అమ్మా, పైపెక్కడో అడ్డుపడినట్టుంది. మా వంటింట్లో గోడవారన అతుకు దగ్గర మురికినీళ్ళు కారతన్నాయి. మా ఆవిడ బకెట్ పెట్టిందిలెండి. తొందరేం లేదు, వీలుచూసుకుని సూడండి."

ఆయన కోప్పడి ఉంటే ప్రసూనకి కొంత తేలిగ్గా ఉండేది. నూనె సంగతి చెప్పడానికి నోరు రాలేదు. "కంప్లైంట్ రాయించాం అంకుల్, సోమవారం మనిషి వస్తానన్నాడు," అని మాత్రం అంది.

అప్పట్నుంచి అంట్లు స్నానాలగదిలో తోముకోవలసి వచ్చింది. గున్నమ్మ తన వంతుగా ఒక వైద్యం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్న కోడలిచేత స్టీలు గిన్నెలో నీళ్ళు మరిగించి, తడుముకుంటూ వెళ్ళి సింకులో పోసేది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి ఆవిడకి మనుషులు నీడల్లా కనిపించేవాళ్ళు. ఆపరేషన్‌కి డాక్టరు చెప్పి ఏడాది దాటింది. ఒకసారి ఎండలు తగ్గాలంది, ఒకసారి సంవత్సరీకం కావాలంది. కొడుకు ఉదయ్‌కుమార్ గట్టిగా అడిగితే, "నాకు బానే అవుపిస్తంది, నువ్వూరుకో," అని కసిరేది.

పక్క బ్లాకులో ఉండే రోహిణికి మాత్రం ప్రసూన నిజం చెప్పేసింది. రోహిణి నవ్వింది.

"సింకులో ఎవరైనా పోస్తారా వదినా? మిగతాదుంచు. సబ్బు చేసుకో. మా మహిళా సమాజంలో నేర్పించారు, నేను రెండుసార్లు చేశాను. గిన్నెలకి ఎంత బాగుంటుందో తెలుసా."

చేసే పద్ధతంతా చెప్పి, తన దగ్గర మిగిలిన కాస్టిక్ సోడా పొట్లం ఇచ్చింది. కిలో నూనెకి నూట ముప్ఫై గ్రాములు మించకూడదు. స్టీలు గిన్నె వాడాలి, అల్యూమినియం పనికిరాదు. నీళ్ళలో సోడాని కొంచెం కొంచెంగా వెయ్యాలి తప్ప సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు. చేతులకి తొడుగులుండాలి, ఆరుబయట కలపాలి, చల్లారేదాకా ఎవరికీ అందనిచోట పెట్టాలి. ప్రసూన అన్నీ శ్రద్ధగా వింది. ఆ చివరి మాటొక్కటే అంత పట్టించుకోలేదు. కూతురు స్కూలుకి వెళ్ళిపోతుంది, ఇంకెవరున్నారు ఇంట్లో అనుకుంది.

శనివారం పొద్దున్న ఉదయ్‌కుమార్ డ్యూటీకి, అమ్మాయి స్కూలుకి వెళ్ళాక ప్రసూన వంటింటి బాల్కనీలో కూర్చుంది. రోజూ నీళ్ళు మరిగించే స్టీలు గిన్నెలోనే కొలిచిన నీళ్ళు పోసి, సోడా గుళికలు కొద్దికొద్దిగా వేస్తూ చెక్క గరిటెతో కలిపింది. పొయ్యి మీద పెట్టకుండానే గిన్నె వేడెక్కి పొగలు వచ్చాయి. మొదట తెల్లగా ఉన్నది కాసేపటికి తేటబడి అచ్చం మంచినీళ్ళలా అయింది. దానిమీద పళ్ళెం మూసి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఖత్‌రా! మత్ ఛూనా" అని, అంటే ప్రమాదం ముట్టుకోవద్దని, హిందీలో రాసి అంటించింది. భిలాయిలో పుట్టి హిందీ బడిలో చదువుకున్న మనిషి. చేతికి ముందు ఆ అక్షరాలే వస్తాయి.

అరగంట చల్లారితే సరిపోతుంది. ఈలోగా వీధిలో కచ్రా గాడీ పాట వినిపించింది. చెత్త బుట్ట తీసుకుని గబగబా కిందికి పరుగెత్తింది. బండి మలుపు దాకా వెళ్ళిపోయింది. అక్కడ రోహిణి కనిపించి, అచ్చులకి పాల ప్యాకెట్లు బాగుంటాయా ఐస్‌క్రీం డబ్బాలా అని మాటల్లో పడ్డారు. పది నిమిషాలయిందేమో.

తిరిగి వచ్చి బాల్కనీలోకి తొంగిచూస్తే పళ్ళెం నేలమీద బోర్లా పడి ఉంది. గిన్నె లేదు.

"అత్తా!"

జవాబు లేదు. గున్నమ్మ మంచం ఖాళీగా ఉంది. వంటగట్టు మీద ఆవిడ నీళ్ళు తాగే గ్లాసు తడిగా ఉంది, సింకులో పంపు పోతూనే ఉంది. స్నానాలగది తలుపు తెరిచి ఉంది, నేలంతా నీళ్ళు, తువ్వాలు తడిసి కుప్పగా పడి ఉంది. పొద్దున్న లేవగానే గున్నమ్మ అన్న మాట ప్రసూనకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. కాళ్ళు లాగుతున్నాయి, వేణ్ణీళ్ళలో పెట్టుకోవాలి అంది. గిన్నె పట్టుకుంటే వేడిగా ఉంటుంది. చూస్తే నీళ్ళలాగే ఉంటుంది. తాగిందా? మొహం కడుక్కుందా? కాళ్ళమీద పోసుకుందా?

తను తెరిచి వదిలేసి వెళ్ళిన వీధి తలుపు అలాగే బార్లా ఉంది. ప్రసూన మెట్లన్నీ ఒక్క పరుగున దిగింది. వీధి అటూ ఇటూ చూసింది. ఎక్కడా లేదు. ప్రసూన కేకలకి రోహిణి వెనక్కి పరుగెత్తుకొచ్చింది, నరసింగరావుగారు చేతిలో పేపరుతోనే బయటికి వచ్చారు.

"అంకుల్, అత్తమ్మ కనబడటం లేదు. కాస్టిక్ సోడా కలిపి పెట్టాను అంకుల్, సబ్బు కోసం. గిన్నె కూడా లేదు. నీళ్ళనుకుని తాగేసిందో ఏమో!"

ఆయన పేపరు కింద పడేశారు. "ఎంతసేపయింది?"

"పది నిమిషాలు. నేను గాడీ దగ్గరికి వెళ్ళాను."

"తాగుంటే ఇల్లు దాటి వెళ్ళలేదమ్మా. నాలిక్కి తగలగానే అరుస్తాది. ఆ అరుపు నాకు వినబడేది, నేనిక్కడ వరండాలోనే పేపర్లో తలపెట్టి కూచున్నాను." అంటూనే ఆయన వట్టికాళ్ళతో వీధిలోకి దిగారు. "ముందు మనిషిని వెతుకుదాం. రోహిణీ, నువ్వు గుడివైపు ఎళ్ళు."

రోహిణి రెండడుగులు వేసిందో లేదో బిల్డింగు వెనకనుంచి ఒక కేక వచ్చింది.

"నరసింగరావు బాబూ! ఓ బాబూ! ఇలా రా, నీళ్ళు పోతన్నాయి సూడు!"

ముగ్గురూ వెనక్కి పరుగెత్తారు. గున్నమ్మ మురుగుకాలవ పక్కన గొంతుక్కూర్చుని, మొహం కాలవ మీదికి వంచి చెవి ఒగ్గి వింటోంది. పక్కనే స్టీలు గిన్నె బోర్లించి ఉంది. గొట్టంలోంచి బుస్సుమంటూ నీళ్ళు, వాటితోబాటు పసుప్పచ్చటి జిడ్డు తుంపులు కాలవలో పడుతున్నాయి.

"ఏటే, అలా రొప్పుతన్నావు?" అంది కోడలి అడుగుల చప్పుడు విని. "నువ్వు బాల్కనీలో ఎట్టిన వేణ్ణీళ్ళు సింకులో పోసీసినాను. సుర్రుమని మరిగినట్టు చప్పుడొచ్చింది. అలా ఉండి ఉండి ఒక్కసారే గడగడా దిగిపోనాది! పంపు తిప్పి వదిలీసి, బయటికి వస్తన్నాయో లేదో సూద్దారని గిన్నె చేత్తోనే దిగొచ్చినాను. ఇన్నాళ్ళు పోసినా దిగనిది, ఇయాల నువ్వేం మరగబెట్టినావో గానీ..."

ప్రసూన ఆవిడ పక్కనే నేలమీద కూర్చుంది. అత్తగారి రెండు చేతులూ పట్టుకుని మొహానికి ఆనించుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు.

"ముందు చేతులూ కాళ్ళూ చూపించక్కా," అన్నారు నరసింగరావుగారు వంగుతూ.

చేతులకి ఏమీ లేదు. ఎడంపాదం మీద మాత్రం రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కందింది. పోసేటప్పుడు ఒక చుక్క పడి చురుక్కుమంటే, స్నానాలగదిలోకి వెళ్ళి చెంబులకొద్దీ నీళ్ళు కుమ్మరించుకుని, తువ్వాలుతో తుడుచుకున్నానని గున్నమ్మ చెప్పింది. స్నానాలగది ఎందుకు తడిసిందో ప్రసూనకి అప్పుడర్థమైంది.

"అదే మంచిపని చేశావు. ఇంకా కడగాలి," అని ఆయన వెనక తోటలో ఉన్న కుళాయి తిప్పారు. "పావుగంట అలాగే ఉంచమ్మా, తియ్యకు."

ప్రసూన కుళాయి కింద అత్తగారి పాదం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు మంచులా ఉన్నాయి. చీర మోకాళ్ళదాకా తడిసిపోయింది. లేద్దామనిపించలేదు. రోహిణి కుర్చీ తెచ్చి గున్నమ్మని కూర్చోబెట్టి, గిన్నె తీసుకుని పక్కన కడగడానికి వెళ్ళింది.

"ఏటిది, కొంచెం కందితే ఇంత అంగామా?" అంది గున్నమ్మ.

"అవి వేణ్ణీళ్ళు కావత్తా. కాస్టిక్ సోడా. సబ్బులో వేసేది. చర్మం మీద పడితే కాలిపోతుంది. తాగితే..."

గున్నమ్మ వంగి ఎర్రబడ్డచోట వేలితో తడిమి చూసుకుంది.

"పళ్ళెం మీద కాగితం అంటించాను. నువ్వు చదవలేవని నాకు తట్టలేదు. హిందీలో రాసేశాను. తప్పంతా నాది," అంది ప్రసూన.

"ఏదో తెల్లగా ఉంటే పిండి అంటుకుందనుకుని తుడిచీసినాను." గున్నమ్మ కోడలి తలమీద చెయ్యి వేసింది. "తెలుగులో రాసినా అవుపించేది కాదులే. ఇంకోటి చెప్పనా? మొన్న మీ మావ ఫొటోకి దండేసినప్పుడు ఆ మొకం నాకు అవుపించలేదు. పక్కనోళ్ళు ఏడస్తంటే నానూ ఏడిసినాను. మీకు చెప్తే ఆపరేషనంటారని ఊరుకున్నాను."

"భయమా అత్తా?"

"కంట్లో కత్తెడతారంటే బయం కాదేటి? ఇయాల దానికంటే ఇదెక్కువ బయంగా ఉన్నాది. ఎప్పుడో ఏదో తాగీసి మీ అందరి మీదకీ తెచ్చీగలను. ఉదయ్‌కి చెప్పు. ఎప్పుడంటే అప్పుడే చేయించీసుకుంటాను."

ఏడాదిగా ఎంతమంది చెప్పినా కదలని మాట ఇంత తేలిగ్గా వచ్చేసింది. ప్రసూన తలూపింది. ఆ ఊపు అత్తగారికి కనిపించదని గుర్తొచ్చి, "ఇవాళే చెప్తాను," అంది.

ఇక ఆ ఊపులోనే రెండో సంగతి కూడా దాచుకోవాలనిపించలేదు. "అంకుల్, పైపులో అడ్డుపడింది కూడా నా వల్లే. సంవత్సరీకం నూనె లీటరు దాకా సింకులో పోసేశాను. మీ ఇంట్లో నీళ్ళు కారుతుంటే చెప్పడానికి మొహం చెల్లలేదు. మాఫ్ కీజియే."

నరసింగరావుగారు కుళాయి కొంచెం తగ్గించి, "నాకు మొదటిరోజే తెలుసమ్మా," అన్నారు. "కారిన నీళ్ళలో బూరెల వాసనొచ్చింది. మా ఆవిడైతే, మనకి మూడు బూరెలే పంపి మిగతావి పైపులో పంపిస్తన్నారా అంది."

గున్నమ్మ పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి రోహిణి, ఆ తర్వాత ప్రసూన. కుళాయి కింద పాదం కదిలిపోతుంటే నరసింగరావుగారు, "తియ్యకండి, తియ్యకండి," అని కోప్పడ్డారు. ఆయన కోప్పడ్డం ప్రసూన చూడ్డం అదే మొదలు.

డిస్పెన్సరీలో చూపిస్తే డాక్టరమ్మ పాదం పరీక్షించి, వెంటనే బాగా కడిగారు కాబట్టి సరిపోయింది, బొబ్బ కూడా రాదంది. రాయడానికి మందిచ్చింది. ఉదయ్‌కుమార్‌కి ఫోన్ చేస్తే, "అమ్మకేం కాలేదు కదా? నిజంగా?" అని మూడుసార్లు అడిగాడు. ఆపరేషన్ మాట చెప్పాక, ప్లాంటులో మిషన్ల హోరులోంచే ఇంకోసారి చెప్పమన్నాడు. తర్వాత మెల్లగా, "నువ్వు భోంచేశావా?" అన్నాడు. ఆ మాటకి ప్రసూనకి మళ్ళీ కళ్ళు తడిశాయి. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళయినా ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం సింకులో అన్నం గిన్నెలు తోముతుంటే నీళ్ళు సుడి తిరుగుతూ దిగిపోయాయి. అది చూస్తూ ఊరికే ఇంకో చెంబు పోసింది.

మిగిలిన మూడు లీటర్ల నూనె మాటేమిటన్న ప్రశ్న అలాగే ఉంది. పారేద్దామంది ప్రసూన. ఆ సోడా పేరెత్తితేనే ఒళ్ళు జలదరిస్తోందంది. నరసింగరావుగారు ఒప్పుకోలేదు.

"భయపడి వదిలేస్తే ఎప్పటికీ భయమే ఉంటాదమ్మా. ఆదివారం మా పెరట్లో చేద్దాం. నేను పక్కనుంటాను."

ఆదివారం ఆయన బజారునుంచి కొత్త సోడా పొట్లం తెచ్చి, తన ల్యాబు రోజులనాటి కళ్ళద్దాలు ప్రసూన మొహానికి తగిలించారు. ఉదయ్‌కుమార్ నూనె కరిగించి పాత పంచె గుడ్డలో వడగట్టి తూకం వేశాడు. గున్నమ్మని పదడుగుల దూరంలో, ఎండలో, కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచే ఆవిడ, "నీళ్ళలో సోడా వెయ్యాల, సోడాలో నీళ్ళు కాదు," అని అందరికంటే గట్టిగా హెచ్చరిస్తూ కూర్చుంది. సోడా నీళ్ళ గిన్నె దగ్గరనుంచి అది చల్లారేదాకా ప్రసూన కదలలేదు. కచ్రా గాడీ వచ్చి వెళ్ళిపోయింది. వెళ్ళనీ అనుకుంది. నూనెలో పోసి కలుపుతుంటే మొదట మజ్జిగలా, తర్వాత చిక్కటి పెరుగులా అయింది. పాల ప్యాకెట్లలో పోసి అటకమీద పెట్టి, దాని పక్కన తెలుగులోనూ హిందీలోనూ రాసి అంటించింది. నెలరోజులు ముట్టుకోకూడదు.

ఆ తర్వాత ఇంట్లో వేపుడు చేసినప్పుడల్లా మూకుడులో మిగిలే కాస్త నూనెకి కూడా ఒక దారి కుదిరింది. చల్లారాక దాన్ని రంపపు పొట్టులో కలిపి, ముద్ద చేసి, పాత ప్యాకెట్లో బిగించి కడుతుంది. మొదటిసారి ఇచ్చినప్పుడు స్వచ్ఛతా దీదీ ప్యాకెట్ నొక్కి చూసి, ఏమీ కారకపోయేసరికి, "యే ఠీక్ హై," అని బండిలో వేసుకుంది.

గున్నమ్మకి జనవరి రెండో వారంలో దుర్గ్‌లో ఒక కంటి ఆసుపత్రిలో ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. పావుగంటలో అయిపోయింది. బయటికి తీసుకొస్తుంటే, "ఇంతేనా? ఇంకా మొదలెట్టలేదనుకున్నాను," అంది. మర్నాడు కట్టు విప్పి, చుక్కలు వేసి, నల్లద్దాలు పెట్టి పంపించారు. అత్తాకోడళ్ళిద్దరూ ఆటోలో బయల్దేరారు. గున్నమ్మ అద్దాలు కొంచెం పైకెత్తి కోడలి మొహంలోకి చూసింది.

"ఇంత సిక్కిపోయినావేటే?"

"ఎక్కడ అత్తా, ఐదు కిలోలు పెరిగాను."

"అయితే ముందు బొద్దుగా ఉన్నావని అనుకునేదాన్నేటో," అని గున్నమ్మ రోడ్డువైపు తిరిగింది. దుకాణాలు, జనం, సైకిళ్ళు, కరెంటు తీగలమీద కూర్చున్న పావురాలు. బోర్డులన్నీ హిందీలో ఉన్నాయి, ఆవిడకి హిందీ చదవడం రాదు. అయినా ఒక్కొక్కదాని రంగూ చెబుతూ వచ్చింది. ఎర్రది, పచ్చది, నీలంది. క్యాంప్ 2 వైపు మలుపు తిరగ్గానే ఒక తెలుగు బోర్డు చూసి చటుక్కున ఆటో కడ్డీ పట్టుకుని ముందుకి వంగింది.

"శ్రీ... పై... డి... తల్లి... టి... ఫిన్స్!" అని కూడబలుక్కుని గట్టిగా చదివింది. "సదివీసినాను! ఏయ్ బాబూ, ఆపు, ఆపు!"

ఆటోవాడు బ్రేకేశాడు. ప్రసూన నవ్వుతూ, దుమ్ము పడకుండా అత్తగారి అద్దాలు సరిచేసి, చెయ్యందించి దింపింది. లోపల వేడివేడిగా ఏవో బజ్జీలు దిగుతున్నాయి. పెద్ద మూకుడులో నూనె బుసబుస పొంగుతోంది.

"ఏం తింటావత్తా?"

"ఇడ్లీ," అంది గున్నమ్మ, ఆ మూకుడువైపు ఒకసారి తేరిపార చూసి. "కొన్నాళ్ళు నూని జోలికి పోదలుచుకోలేదు."

ఇద్దరికీ నాలుగేసి ఇడ్లీలు తెప్పించింది ప్రసూన. గున్నమ్మ పళ్ళెం దగ్గరికి లాక్కుని, ఇడ్లీ మీదనుంచి లేస్తున్న ఆవిరిని కాసేపు చూసి, తినడం మొదలుపెట్టింది.